మాటల్లేని రౌడీ

మా బాబాయి వయసులో ఉన్నప్పుడు ఎవరి పిల్లనో ఎత్తుకుపోతుంటే, ఆ పిల్ల తల్లి వెంటపడి పట్టుకుని మరుగుతున్న నీళ్లు మొహాన కొట్టిందట. చెంప మీద మచ్చ అదేనట. ఈ సంగతి ఎదురింటి టైలరమ్మ పాలబూతు దగ్గర ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో ఇస్త్రీ బండి ఆయనతో అన్నారట. ఇస్త్రీ ఆయన దుప్పట్లు ఇవ్వడానికి వచ్చి, "నాకెందుకమ్మా ఈ గొడవ, విన్నది చెప్తున్నా" అని మొదలుపెట్టి, మొత్తం మా అమ్మ చెవిన వేసి, తెచ్చిన దుప్పట్లలో ఒకటి మళ్లీ తన భుజం మీదే వేసుకుని వెళ్లిపోయాడు.

అమ్మ ముందు నవ్వింది. "ఎవరు పుట్టించారో గానీ కాళ్లూ చేతులూ అన్నీ పెట్టి మరీ పుట్టించారే" అంది. తర్వాత నవ్వు ఆపేసి, పెరటి గుమ్మంలోంచి బాబాయి వ్యాను వైపు చూసింది.

నేను నవ్వలేదు. ఆ కథ పుట్టినప్పుడు నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

మా నాన్న జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. హీరో హీరోయిన్లు వాళ్ల దారిన వాళ్లొస్తారు. వాళ్ల వెనక నడిచేవాళ్లు, వాళ్లని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు, వాళ్ల చేతిలో దెబ్బలు తినేవాళ్లు కావాలంటే మాత్రం మా ఇంటి తలుపు తట్టాలి. మా ముందుగదిలో ఒక గోడంతా చెప్పుల డబ్బాలు. ఒక్కో డబ్బా మీద ఒక చీటీ. జడ్జీలు, డాక్టర్లు. మంచం మీద దగ్గే తండ్రులు. ఏడ్చే తల్లులు. హీరో స్నేహితులు, లావు. హీరో స్నేహితులు, బక్క. తాగుబోతులు. మాటలున్న రౌడీలు. మాటల్లేని రౌడీలు. డబ్బాల్లో ఫొటోలు అంటించిన కార్డులు. నాన్న రాత కోడి కెలికినట్టు ఉంటుంది కాబట్టి, నాకు పద్నాలుగేళ్లు వచ్చినప్పటి నుంచీ కార్డులు నేనే రాసేదాన్ని. ఎదురుగా నిలబడ్డ మనిషిని నాన్న ఒక్క చూపు చూసి చెప్పేవాడు, నేను గుండ్రంగా రాసిపెట్టేదాన్ని.

వీధిలో సగం మంది ఆ డబ్బాల్లో ఉండేవాళ్లు. పోస్టాఫీసులో ముద్రలు కొట్టి రిటైరైన ఆయన పదహారు సినిమాల్లో జడ్జి. నిజం డాక్టరుగారు ఒకాయన సరదాపడి వస్తే నాన్న మొహం చూసి జేబుదొంగల్లో వేశాడు. ఆయన రెండు నెలలు మా ఇంట్లో ఎవరికీ మందు రాయలేదు. ఎదురింటి టైలరమ్మ ఏడ్చే తల్లుల్లో మొదటి కార్డు. కెమెరా ముందు ధారలు కట్టేది. బయట ఆవిడ పక్కవాళ్లని ఏడిపించడమే గానీ తను ఏడవగా చూసినవాళ్లు లేరు.

"ఇలా మొహాలు చూసి డబ్బాల్లో వేయడం అన్యాయం నాన్నా" అనేదాన్ని అప్పుడప్పుడూ, పెద్ద చదువు చదువుతున్నానన్న పొగరుతో.

"జనం పనులన్నీ చేసుకుని అలిసిపోయి వచ్చి కూర్చుంటారమ్మా సినిమాకి. అక్కడ కూడా బుర్ర బద్దలు కొట్టుకోమంటావా? మనిషి తలుపు తోసుకుని లోపలికి రాగానే వీడు మంచోడా చెడ్డోడా తెలిసిపోవాలి. అంతే" అనేవాడు నాన్న. "ఊరికే మాట్లాడక కార్డు రాయి."

బాబాయి కార్డు కూడా అలాగే రాశాను. బాబాయి నాన్నకి తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు, స్కూలు వ్యాను నడిపేవాడు. మూడేళ్లప్పుడు పొయ్యి మీది పాలగిన్నె లాగి మీద పోసుకున్నాడు. ఎడమ చెంప నుంచి చెవి దాకా చర్మం ముడుచుకుపోయి, ఆ పక్క కన్ను కిందికి లాగినట్టు ఉండేది. కొత్తవాళ్లు చూస్తే ఒకడుగు వెనక్కి వేసేవాళ్లు. వ్యాను పిల్లలు మాత్రం వేసేవాళ్లు కాదు. వాళ్లు మచ్చ గురించి అడిగినప్పుడల్లా బాబాయి ఓ కొత్త కథ అల్లేవాడు. ఒకరోజు పులి ముద్దు పెట్టుకుంది. ఇంకోరోజు చందమామ కాలు జారి తన మొహం మీద పడింది. పిల్లలు ఒక్క ముక్క నమ్మేవాళ్లు కాదు, మర్నాడు ఇంకొకటి చెప్పమని ప్రాణం తీసేవాళ్లు.

ఆ వ్యానులో ముందు సీటు టైలరమ్మ మనవరాలిది. ఆరేళ్ల పిల్ల. అందరూ ఎక్కారో లేదో తల తిప్పి చూసి, అది "రైట్ రైట్" అంటే గానీ బండి కదలకూడదు. బాబాయి దాన్ని కండక్టర్ అని పిలిచేవాడు. ఆ పేరే వీధి మొత్తానికీ అలవాటైంది.

"నా కార్డెందుకమ్మడూ? నేనెక్కడికీ రాను కదా" అన్నాడు బాబాయి, నేను రాస్తున్నప్పుడు.

"ఉంటే ఉంటుందిలేరా" అన్నాడు నాన్న. 'మాటల్లేని రౌడీ. మొహం చాలు' అని రాయించాడు. నాకు ఆ రెండో ముక్క బాగా కుదిరిందనిపించింది కూడా.

ఆ చలికాలం పెద్ద సినిమా ఒకటి మా ఊళ్లో దిగింది. ఆరు వారాల షూటింగ్. ఇంత పెద్ద పని నాన్న చేతికి రావడం అదే మొదలు. ఇల్లు సంతలా ఉండేది. పొద్దున్నే తాగుబోతులొచ్చి అరుగు మీద కూర్చుని టీలు తాగేవాళ్లు, వాళ్లని తోసుకుంటూ జడ్జిగారు లోపలికి వచ్చి తన కోటు ఇస్త్రీ అయిందా అని అడిగేవాడు.

నాలుగో వారంలో, పిల్లని ఎత్తుకుపోయే సీనుకి మాట్లాడిపెట్టిన రౌడీ మోటారుసైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. డైరెక్టర్ దగ్గర పనిచేసే అసోసియేట్ పరుగెత్తుకుంటూ వచ్చి మా డబ్బా తీసి కార్డులు పేకముక్కల్లా తిరగేశాడు. ఒకచోట ఆగిపోయాడు.

"ఎవరండీ ఈయన? అబ్బ, ఏం మొహమండీ!"

"మా తమ్ముడేనండి" అన్నాడు నాన్న. గొంతులో గర్వం వినిపించింది. నిజంగానే గర్వపడ్డాడు. వాళ్లకి కావలసింది తన ఇంట్లోనే ఉందని.

బాబాయి పెరట్లో వ్యాను కడుగుతున్నాడు. నాన్న బకెట్టు పక్కన చతికిలబడి విషయం చెప్పాడు.

"పిల్లని ఎత్తుకుపోయేవాడి వేషమా? నాకు వద్దు అన్నయ్యా. మా పిల్లలు చూస్తారు."

"ఏం చూస్తార్రా, పదడుగులు. భుజాన వేసుకుని కారు దాకా నడుస్తావు. హీరో వచ్చి తంతాడు. భోజనాల వేళకి ఇంట్లో ఉంటావు."

"ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికితే నీ కాళ్లు పట్టుకుంటానా? ఒక్కరోజురా. వీళ్ల ముందు మాట పోతే మళ్లీ పిలవరు నన్ను."

బాబాయి గుడ్డ పిండి బకెట్టు అంచున వేశాడు. "ఎవరి పిల్ల?"

"నీ కండక్టరే."

బాబాయి మొహం విప్పారింది. "అదా! అయితే ఫరవాలేదు, భయపడదు" అన్నాడు.

భయపడలేదు. అదే వచ్చిన చిక్కు.

పాత గోదాము వెనక తీశారు ఆ సీను. ఎండ ఏటవాలుగా పడేది మధ్యాహ్నం దాకానే. తర్వాత గోడ నీడ కమ్మేస్తుంది. బాబాయికి నల్ల చొక్కా తొడిగి, మచ్చ మీద ఇంకాస్త రంగు పూశారు. యాక్షన్ అనగానే బాబాయి పిల్లని భుజాన వేసుకుని నడిచాడు. పిల్ల గింజుకుని ఏడవాలి. అది బాబాయి చెవిలో, మైకు దాకా వినిపించేటట్టు, "మావయ్యా, జేబులో చాక్లెట్ ఉందా?" అంది. యూనిట్ అంతా ఘొల్లున నవ్వింది. రెండోసారి బాబాయే నవ్వేశాడు. మూడోసారి పిల్ల ఏడవబోయి, మధ్యలో "రైట్ రైట్" అంది. నవ్వడం మానేశారు అందరూ. ఆరు టేకులయ్యాయి. హీరో గొడుగు కింద గడియారం చూసుకుంటున్నాడు.

"ఏవండీ ఏజెంటుగారూ, ఏడ్చే పిల్లనడిగితే పిక్నిక్కి వచ్చిన పిల్లని తెచ్చారేంటి?" అన్నాడు డైరెక్టర్, అందరూ వినేలా.

పిల్లల్ని ఏడిపించడంలో నాన్నకి పెట్టింది పేరు. కొందరు ఏజెంట్లలా గిల్లే రకం కాదు, ఆ మాటంటేనే కోప్పడేవాడు. దగ్గరికి తీసుకుని చెవిలో ఒక మాట చెప్పేవాడు. మీ అమ్మ బస్సెక్కి వెళ్లిపోయింది. నీ బొమ్మ కుక్క ఎత్తుకుపోయింది. కట్ అనగానే అందరికంటే ముందు తనే పరుగెత్తేవాడు. "అబద్ధం, అబద్ధం, ఉత్తుత్తి అబద్ధం" అంటూ కితకితలు పెట్టి, నవ్వించి గానీ వదిలేవాడు కాదు. "ఏడిపించడం సగం పనేనమ్మా, విప్పడం మిగతా సగం" అని నాకు చెప్పేవాడు.

కండక్టర్ దగ్గర ఆ మాటలేవీ పనిచేయలేదు. "అమ్మ అదిగో, అక్కడుంది కదా" అంది. "నాకు బొమ్మల్లేవు, బస్సుంది" అంది.

నాన్న నీడ వైపు చూశాడు. అది గోడ దిగి నేల మీదికి పాకుతోంది. మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల రెండు చేతులూ పట్టుకుని, బాబాయి వైపు కళ్లతో చూపించి మెల్లగా మొదలుపెట్టాడు. "మావయ్య మొహం అలా ఎందుకయిందో నీకు చెప్పలేదు కదూ? పులీ కాదు, చందమామా కాదు..." నాకు వినిపించింది. ఒక పిల్ల, ఒక తల్లి, మరిగే నీళ్లు. తర్వాత జనరేటర్ వేశారు, మిగిలిన మాటలు ఆ మోతలో కలిసిపోయాయి. పిల్ల మొహం చూస్తూ ఉండగానే రంగు మారింది.

ఏడో టేకు ఒక్కటే ఓకే చేశారు. పిల్ల బాబాయి భుజం మీద చేపలా కొట్టుకుంది. గొంతు చిరిగిపోయేలా అరిచింది. బాబాయి భయపడిపోయాడు. ఆ భయానికి ఆ మొహం ఇంకా క్రూరంగా పడిందని తర్వాత అసోసియేట్ చెప్పాడు. కట్ అనగానే యూనిట్ అంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

డైరెక్టర్ వచ్చి నాన్నని కావలించుకున్నాడు. "మీరు మనిషి కాదండీ, ఏం చెప్పారండీ పిల్లకి!" అంటూ భుజం మీద చెయ్యేసి, హీరోకి పరిచయం చేయడానికి గొడుగు కిందకి తీసుకెళ్లాడు. ఇరవై ఏళ్లలో ఏ హీరో పక్కనా కుర్చీ వేసి నాన్నని కూర్చోబెట్టలేదు. అక్కడే భోజనం పెట్టారు. ఇటు పిల్ల బాబాయి చేతుల్లోంచి జారిపడినంత పని చేసి తల్లి దగ్గరికి పరుగెత్తింది. బాబాయి రెండు చేతులూ ఇంకా పిల్ల ఉన్నట్టే ముందుకు పెట్టుకుని నిలబడ్డాడు.

"బాగా చేసింది కదా అమ్మడూ" అన్నాడు నన్ను చూసి.

"బాగా చేసింది బాబాయ్" అన్నాను. నాన్న తర్వాత వెళ్లి విప్పి ఉంటాడు అనుకున్నాను. ఆ సాయంత్రం నాన్న హీరో కుర్చీ గురించే చెప్పాడు, అమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

మర్నాడు టైలరమ్మ గేటు ముందు బాబాయి రెండుసార్లు హారన్ కొట్టాడు. "దానికి జ్వరం" అని లోపల్నుంచి కేక వినిపించింది. ఆ మర్నాడు జ్వరం లేదు గానీ, టైలరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మా ఇంటి ముందు నుంచే బడికి వెళ్లింది. పిల్ల మా వాకిలి వచ్చేసరికి నానమ్మకి అటువైపు మారింది. వారం తిరిగేలోపు ఇంకో ఇద్దరు. తర్వాత అన్నదమ్ములు ముగ్గురు. పద్నాలుగు మంది ఎక్కే వ్యానులో ఐదుగురు మిగిలారు. బాబాయి మాత్రం దారి మార్చలేదు. ఎవరూ రాని గేటు ముందు కూడా ఆగేవాడు. రెండుసార్లు హారన్, మూడు నిమిషాలు ఎదురుచూపు, తర్వాత బండి కదిలేది. ముందు సీటు ఖాళీ. "రైట్ రైట్" అనేవాళ్లు లేక తనే గొణుక్కునేవాడేమో, నాకు తెలియదు.

ఇస్త్రీ ఆయన వచ్చి వెళ్లింది ఆ రెండో వారంలోనే. ఆ మధ్యాహ్నమే హెడ్‌మిస్ట్రెస్ బాబాయిని గదిలోకి పిలిచి, చాలా మర్యాదగా, కుర్చీ చూపించి మరీ చెప్పిందట. తల్లిదండ్రులు ఏదో అనుకుంటున్నారు, నేను నమ్మను, కానీ సోమవారం నుంచి వేరే డ్రైవర్ని చూసుకోక తప్పదేమో, ఈలోపు వాళ్లంతట వాళ్లు సర్దుకుంటే సరే. పన్నెండేళ్లు నడిపాడు బాబాయి ఆ బండి. ఇంటికొచ్చి ఈ ముక్క చెప్పి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

అమ్మ ఆగలేకపోయింది. ఇస్త్రీ ఆయన తెచ్చిన కథ మొత్తం పళ్లాల ముందే చెప్పేసింది. "పాపం తగలా! మూడేళ్ల పసివాడు పాలు పోసుకున్నాడని మా అత్తగారు చచ్చేదాకా ఏడ్చింది. ఎవరి నోరు పడిందో గానీ ఆ నోరు..."

"ఊరుకో వదినా" అన్నాడు బాబాయి. నవ్వడానికి ప్రయత్నించాడు. "కథ మాత్రం బాగుంది. నేనిన్ని చెప్పాను, ఇంత అతికినట్టు ఒక్కటీ చెప్పలేకపోయాను."

నాన్న తల వంచుకుని తింటున్నాడు. "జనం నోళ్లు మూయలేం కదరా, పోనీ" అన్నాడు.

ఆ 'పోనీ' నేను తట్టుకోలేకపోయాను. కార్డు రాసింది నేను, విన్నది నేను, చప్పట్లు కొట్టిందీ నేనే.

"నాన్నా, ఆ మాట పిల్లతో నువ్వే అన్నావు కదా" అన్నాను.

అమ్మ చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"అన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"పిల్ల ఏడవట్లేదురా" అన్నాడు నాన్న, పళ్లెం లోకి చూస్తూనే. "నీడ వచ్చేస్తోంది. ఆరు టేకులు... నోటికి ఏదొస్తే అది..." మెతుకులు పక్కకి నెడుతూ, "విప్పుదామనే అనుకున్నాను. వాళ్లు పిలిచారు. మర్చిపోయాను" అన్నాడు.

బాబాయి అన్నం సగంలో వదిలేయలేదు, పూర్తిగా తిన్నాడు. తన పళ్లెం తనే కడిగి బోర్లించాడు. బయట బకెట్టు చప్పుడైంది. శుభ్రంగా ఉన్న వ్యాను మళ్లీ కడుగుతున్నాడు. నాన్న వెళ్లి పక్కన నిలబడ్డాడు. బాబాయి బకెట్టు ఇంకో చక్రం దగ్గరికి జరుపుకున్నాడు. నాన్న అటు వెళితే మళ్లీ ఇంకో చక్రం దగ్గరికి. అలా ఇద్దరూ బండి చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ఆ తర్వాత మా ఇంట్లో అన్నదమ్ములు ఒకే వేళకి భోజనానికి కూర్చోవడం నేను చూడలేదు. నేనూ ఎవరి మొహం గురించీ మళ్లీ కార్డు రాయలేదు.

శుక్రవారం పొద్దున నాన్న షూటింగ్‌కి వెళ్లలేదు. అసోసియేట్ నుంచి మూడు ఫోన్లొచ్చాయి, తీయలేదు. ఉతికిన చొక్కా వేసుకుని వ్యాను వెనక సీట్లో కూర్చున్నాడు. బాబాయి దిగమనలేదు, కూర్చోమనలేదు. నేను నడుస్తూ వెనకాలే వెళ్లాను. ఎంత దూరమని, వీధి దాటితే ఎదురిల్లు.

టైలరమ్మ గేటు దగ్గర ఇంకో ముగ్గురు తల్లులున్నారు, పిల్లల్ని నడిపించుకు వెళ్లడానికి బయల్దేరుతూ. అందరూ నాన్న డబ్బాల్లోని మనుషులే. బాబాయి బండి ఆపాడు, ఇంజిన్ ఆపలేదు. నాన్న దిగి అందరి మధ్యా నిలబడ్డాడు.

"తప్పు నాది" అన్నాడు. "మా తమ్ముడు ఎవరి పిల్లనీ ముట్టుకోలేదు. షాటు కోసం నేనల్లి చెప్పిన మాట అది. పిల్ల ఏడవాలని చెప్పాను, తర్వాత సరిచేయలేదు." నాన్న కళ్లలో నీళ్లు తిరగడం నేను చూడటం అదే మొదటిసారి.

టైలరమ్మ ఆ కళ్లకేసి తేరిపార చూసింది. "గ్లిజరిన్ ఎక్కడ కొన్నారు ఏజెంటుగారూ? నాకిచ్చేది మంట ఎక్కువ."

ఒకావిడ నవ్వబోయి ఆపుకుంది. ఇంకొకావిడ, "తమ్ముడి కోసం ఏదో ఒకటి చెప్పాలి కదండీ, ఎవరైనా అంతే" అంది, ఓదారుస్తున్నట్టే.

నాన్న పిల్ల వైపు తిరిగాడు. కండక్టర్ నానమ్మ వెనక నిలబడి, ఒక కంటితో వ్యాను చూస్తోంది. ముందు సీటు తలుపు బాబాయి తెరిచే ఉంచాడు. తను మాత్రం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డుకేసే చూస్తున్నాడు, మచ్చలేని చెంప మా వైపుండేలా.

నాన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నేను నీకు అబద్ధం చెప్పానమ్మా. మావయ్య మంచివాడు. చిన్నప్పుడు, నీకంటే చిన్నగా ఉన్నప్పుడు, పాలు పడి కాలింది, అంతే. ఇది నిజం. ఒట్టు."

పిల్ల చేతులు వెనక్కి తీసుకుంది.

"అప్పుడు కూడా ఒట్టేసే చెప్పావు తాతయ్యా."